లెక్కకెక్కని ఊపిరి

దొంగ తన సొత్తును దాచుకొనుటకు చీకటిని కోరును. అధికారమునకు చీకటితో పనిలేదు. తన యేలుబడిలో జరుగుచున్న ఘోరమును లెక్కింపకుండిన చాలును. పట్టపగలు, కార్యాలయముల నడుమ, కాగితముల కట్టల క్రింద అది తనంతట తానే దాగును. లెక్కకు రాని రోగము రోగము కాదు. లెక్కకు రాని చావు చావు కాదు. ప్రజలు ప్రశ్నించినపుడు చూపుటకు ఒక చిన్న సంఖ్య దగ్గఱ నుండిన చాలును. ఆ సంఖ్యయే కవచము.

అట్టి కవచము నొకదానిని ఛేదించిన ఘనత ఇటీవలి కాలమున రేడియోకు దక్కినది. పత్రికలు సాగించు శోధనలను మన పాఠకులు ఎఱుగుదురు. రేడియో అనగానే మాత్రము మనకు పాటలును, నాటకములును, పంటల ధరలును, నియమిత వేళకు చదువబడు వార్తలును తోచును. ప్రభుత్వ కార్యాలయపు తలుపు తట్టి లెక్క చెప్పుమని నిలదీయు రేడియో మనకు అలవాటు లేదు. కావున అమెరికా దేశమున నేషనల్ పబ్లిక్ రేడియో అను సంస్థ 2012 మొదలు 2018 వఱకు బొగ్గుగనుల పనివారల విషయమై నడపిన శోధనను కొంత వివరముగా పాఠకుల ముందుంచుచున్నాము. వృత్తాంతము పరదేశమునది. అందలి నీతి మనకును చెందును.

చట్టము చేసిన వాగ్దానము

అమెరికా తూర్పు భాగమున ఆపలేషియను పర్వతపంక్తి కలదు. పెన్సిల్వేనియా, పశ్చిమ వర్జీనియా, వర్జీనియా, కెంటకీ రాష్ట్రముల మీదుగా సాగు ఆ కొండలలో నూఱేండ్లకు పైబడి రాక్షసిబొగ్గును త్రవ్వుచున్నారు. 1968 నవంబరు 20వ తేదీన పశ్చిమ వర్జీనియాలోని ఫార్మింగ్టన్ గనిలో ప్రేలుడు సంభవించి 78 మంది మరణించిరి. మఱుసటి ఫిబ్రవరిలో ఆ రాష్ట్రమున సుమారు 40,000 మంది పనివారలు గనులలో దిగుట మానిరి. వారు కోరినది కూలి పెంపు కాదు. బొగ్గుపొడి వలన కలుగు ‘నల్లఊపిరి’ వ్యాధిని పని తెచ్చిన వ్యాధిగా అంగీకరించి పరిహారమిమ్మని కోరిరి. ఆ కదలిక ఫలితముగా 1969 డిసెంబరు నెలాఖరున గనిపనివారల ఆరోగ్య రక్షణకై కేంద్రచట్టము వెలువడినది.

ఆ వ్యాధి స్వరూపమును సులభముగా చెప్పవచ్చును. యంత్రము బొగ్గును కోయునపుడు లేచు పొడిలో కంటికి కానరానంత సన్ననిది ఊపిరితో లోనికి పోయి తిరిగి రాదు. ఊపిరితిత్తులలో అది నిలిచినచోట మచ్చ యేర్పడును. మచ్చ గట్టిపడును. గట్టిపడినంత మేర గాలి చొఱదు. తొలిదశలో మనిషికి ఏమియు తెలియదు. ముదిరినపుడు మచ్చలు కలిసి గడ్డలగును. అప్పుడు నాలుగు మెట్లెక్కుట కొండ నెక్కుట యగును. బిడ్డ నెత్తుకొనుట మోయలేని బరువగును. వెల్లకిల పండుకొని నిద్రించుట కలలోని మాట యగును. దీనిని కుదుర్చు మందు లేదు. ఊపిరితిత్తులను మార్చిన కొన్నియేండ్లు బ్రదుకవచ్చును. అదియు అందఱికి దొరకునది కాదు. 1968 మొదలు ఈ వ్యాధి మూలకారణముగనో సహకారణముగనో మరణించినవారు 76,000 మందికి పైబడియున్నారని ప్రభుత్వపు లెక్కయే చెప్పుచున్నది.

1969 నాటి చట్టము రెండు రక్షణల నేర్పరచెను. గని గాలిలో పొడి ఘనమీటరునకు మొదట 3 మిల్లీగ్రాములును, కొలదికాలము గడచిన పిమ్మట 2 మిల్లీగ్రాములును మించరాదనుట మొదటిది. పనివారలకు ఉచితముగ ఎక్స్-రే తీసి వ్యాధిని ఆదిలోనే కనిపెట్టవలెననుట రెండవది. ఇందువలన మేలు జరుగలేదనుట అసత్యమగును. వ్యాధి ఏటేట తగ్గెను. ముదిరిన నల్లఊపిరి దాదాపు అంతరించినదని 1990వ దశకము చివర వైద్యులు తలంచిరి. ఒక తరము పనివారలు ‘అది మా తాతల నాటి రోగము’ అని నమ్మి గనులలో దిగిరి.

కంచెలోని కంతలు

కంచె యున్నది. కాని కంతలు కంచెతోనే పుట్టినవి.

గాలిలో పొడిని కొలుచు పని చాలభాగము గని యజమానులకే అప్పగింపబడెను. కొలుచు యంత్రమును పనివాని యొంటికి తగిలించి, దినమంతయు వాడు పీల్చు గాలిని పరీక్షింపవలెను. ఆచరణమున జరిగిన దేమి? యంత్రమును బయటిగాలి వచ్చు దారిలో వ్రేలాడదీయుట, కోటు క్రింద కప్పిపెట్టుట, పరీక్ష జరుగు దినమున మాత్రము బొగ్గుకోత తగ్గించుట. 1998లో కెంటకీలోని లూయీవిల్ నగరపు ‘కూరియర్ జర్నల్’ పత్రిక ఈ మోసమును సాక్ష్యములతో వరుస వ్యాసములుగా బయటపెట్టెను. కొంత సంచలనము కలిగెను, అణగెను.

ఇందొక చేదునిజము కలదు. కోటు క్రింద యంత్రమును దాచిన చేతులు పలుమారు పనివానివే. అట్లు చేయనివానికి మఱునాడు పని యుండదు. ఆ కొండలలో గని తప్ప వేఱు జీవనాధారము లేదు; ఇంటిపై అప్పు, బిడ్డల చదువు ఆ కూలిమీదనే నడువవలెను. నేటి కూలికొఱకు రేపటి ఊపిరిని తాకట్టు పెట్టిరి. ఆ తాకట్టు వ్రాయించుకొన్నవారు మాత్రము పొడిని పీల్చలేదు.

రెండవ కంత ఎక్స్-రేలలో నుండెను. పరీక్షకు వచ్చుటయు మానుటయు పనివాని ఇష్టము. వ్యాధి యున్నదని తేలిన ఉద్యోగము పోవునను భయమున సగమునకు మించినవారు రారైరి. అంతకంటె వింత యేమనగా, ఆ పరీక్ష పనిలో నున్నవారికి మాత్రమే. పని విడిచినవాడు, గని మూతపడి ఇంట కూర్చున్నవాడు, ఊపిరి చాలక పనికి పోలేనివాడు ఆ లెక్కలోనికి రారు. అనగా వ్యాధి యెవనిని పడగొట్టినదో వానినే లెక్కనుండి తొలగించిరి. జ్వరముతో మంచము పట్టినవారిని విడిచి, వీథిలో నడచువారిని మాత్రము పరీక్షించి, ఊరిలో జ్వరము లేదని చాటినట్లున్నది.

చనిపోయినవారి సాక్ష్యము

2010 ఏప్రిల్ 5వ తేదీన పశ్చిమ వర్జీనియాలోని అప్పర్ బిగ్ బ్రాంచ్ గని ప్రేలి 29 మంది మరణించిరి. ప్రేలుడునకు కారణములను విచారించుచు శవపరీక్ష చేసినవారు వేఱొక సంగతిని కనుగొనిరి. మృతులలో 24 మంది ఊపిరితిత్తులు పరీక్షకు అనుకూలముగా నుండెను. ఆ 24 మందిలో 17 మందికి నల్లఊపిరి యుండెను. ఆ 17 మందిలోను అయిదుగురు గనులలో దిగి పదియేండ్లయినను నిండనివారు. తాతల నాటి రోగమని చెప్పబడినది మనుమల ఊపిరితిత్తులలో కూర్చుండియున్నది. ప్రేలుడే జరుగకున్నచో ఈ సంగతి ఎవరికి తెలియును?

ఈ సూత్రమును పట్టుకొని నేషనల్ పబ్లిక్ రేడియో విలేఖరి హోవర్డ్ బెర్క్స్, సెంటర్ ఫర్ పబ్లిక్ ఇంటెగ్రిటీ అను శోధక సంస్థవారును కలిసి 2012 జూలైలో తమ పరిశోధనను ప్రకటించిరి. వ్యాధి మరల పెరుగుచున్నదనియు, పొడిని కొలుచుటలో మోసము మానలేదనియు, మోసమును పట్టవలసిన శాఖ గజనిమీలనము వహించినదనియు దాని సారాంశము. కొంత ఫలితము కనబడెను. 2014లో పొడి హద్దును 1.5 మిల్లీగ్రాములకు తగ్గించుచు, కొలత అప్పటికప్పుడు కనబడు యంత్రములను పనివారల కీయవలెనని క్రొత్త నిబంధన చేసిరి. సాధారణ విలేఖరి యైనచో కృతకృత్యుడనైతినని వేఱు పనిలోనికి పోయెడివాడు.

99

2016లో కెంటకీ తూర్పు భాగమున పైక్ జిల్లాలో ఎక్స్-రేలు చదువు ఒక వైద్యుడు తన చిన్న వైద్యశాలకు వచ్చువారి చిత్రములను చూచి కలతచెందెను. 2015 జనవరి మొదలు 2016 ఆగస్టు వఱకు, ఇరువది నెలలలో, అచ్చట ముదిరిన నల్లఊపిరి గలవారు 60 మంది తేలిరి. ఆయన కేంద్ర ప్రభుత్వపు వృత్తిరోగ పరిశోధన సంస్థకు తానే తెలియజేసెను. అదే కాలమునకు సమీపముగా ఆ సంస్థ దేశమంతటను అయిదేండ్లలో గుర్తించిన రోగుల సంఖ్య 99.

ఒక జిల్లాలో, ఒక వైద్యుని బల్లమీద 60. దేశమంతట 99. ఈ రెండు సంఖ్యలు ప్రక్కప్రక్కన నిలువజాలవు. ఏదియో ఒకటి అబద్ధము కావలెను.

బెర్క్స్ చేసిన పని వినుటకు చాల సాధారణముగా నుండును. గనిపనివారల కొఱకు కొండప్రాంతములలో ప్రత్యేక వైద్యశాలలు కలవు. పరిహారము కోరువారు అచ్చటికే పోయి పరీక్ష చేయించుకొందురు. ఆ వైద్యశాలల నొక్కొక్కదానిని అడిగెను: మీయొద్ద ముదిరిన రోగము గలవారెందఱు? వర్జీనియా, పశ్చిమ వర్జీనియా, పెన్సిల్వేనియా, ఒహయో రాష్ట్రములలోని 11 వైద్యశాలలు లెక్క చెప్పినవి. 2010 నుండి అప్పటివఱకు మొత్తము 962. ప్రభుత్వపు లెక్కకు దాదాపు పదింతలు. అదియు కొన్ని వైద్యశాలలనుండి మాత్రమే. 2016 డిసెంబరులో ఈ సంఖ్య రేడియోలో వినబడెను. శోధన సాగినకొలది అది పెరిగి 2,000 దాటెను.

ఇందు రహస్యపత్రము దొంగిలింపబడలేదు. మాఱువేషము లేదు. ఏ యధికారికిని లంచమీయలేదు. లెక్కింపవలసినవారు లెక్కింపనిదానిని ఒక విలేఖరి లెక్కించెను. అంతే. ఇంతటి సంఖ్య ఆ వ్యాధి చరిత్రలో ఎన్నడును కానరాలేదని ఆ ప్రభుత్వ సంస్థయందలి శాస్త్రజ్ఞులే ఒప్పుకొనిరి. వారిని నిందించుట న్యాయము కాదు. చట్టము వారికి చూపిన కిటికీలోనుండియే వారు చూచిరి. 2018 ఫిబ్రవరిలో వారే వర్జీనియా నైరృతి భాగమున మూడు వైద్యశాలలలో 2013 నుండి 2017 వఱకు 416 మంది ముదిరిన రోగులు కలరని వైద్యపత్రికలో ప్రకటించిరి. రేడియో విడిచినచోట శాస్త్రము అందుకొనెను.

పలుగురాతి పొడి

ఎందఱు అను ప్రశ్నకు జవాబు దొరకినది. ఎందుచేత అను ప్రశ్న మిగిలెను.

మందమైన బొగ్గుపొరలు గత శతాబ్దముననే తరుగసాగెను. మిగిలినవి సన్నని పొరలు. వానిని తీయుటకు యంత్రము బొగ్గుతోపాటు పైరాతిని క్రిందిరాతిని కూడ కోయవలెను. ఆ రాతిలో పలుగురాయి, అనగా సిలికా, యుండును. దాని పొడి బొగ్గుపొడికంటె సుమారు ఇరువదింతలు హానికరము. నలుబదియేండ్లయినను నిండనివారి ఊపిరితిత్తులు గడ్డకట్టుటకు ముఖ్యకారణమిదియే.

ఇది 2016లో క్రొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. పశ్చిమ వర్జీనియాలోనే హాక్స్ నెస్ట్ అను చోట 1930, 1931 సంవత్సరములలో కొండలోనుండి సొరంగము త్రవ్వినపుడు పలుగురాతి పొడి పీల్చి వందలకొలది కూలీలు చనిపోయిరి. వారిలో హెచ్చుమంది నల్లజాతివారు. ఆ ఘోరముపై 1936లో అమెరికా శాసనసభ విచారణ జరిపెను. సిలికా హద్దును ఘనమీటరునకు 50 మైక్రోగ్రాములకు తగ్గింపవలెనని ప్రభుత్వపు పరిశోధన సంస్థయే 1974లో సిఫారసు చేసెను. 2016లో ఇతర పరిశ్రమలకు ఆ హద్దు వచ్చెను. బొగ్గుగనులకు రాలేదు. అచ్చట అనుమతింపబడినది దాదాపు దానికి రెండింతలు. అదియైనను సూటియైన హద్దు కాదు. సిలికా మిక్కుటమైనపుడు మొత్తము పొడి హద్దును తగ్గింతురేగాని, సిలికా మించినందుకు జరిమానా లేదు.

పొడి నమూనాలను పరీక్షించిన ఫలితములు మాత్రము ప్రభుత్వమువద్ద ఏండ్లతరబడి పోగుపడియుండెను. బెర్క్స్ బృందము, ఫ్రంట్‌లైన్ అను టెలివిజన్ కార్యక్రమమువారితో కలిసి, 1986 నుండి 2016 వఱకు ముప్పదియేండ్ల ఫలితములను పరిశీలించెను. పనివారలు హద్దుమీఱిన సిలికాను పీల్చిన సందర్భములు 21,000కు పైగా తేలినవి. వీనిలో ఏ యొక్కటియు విలేఖరి కొలిచినది కాదు. అన్నియు ప్రభుత్వము తాను కొలిచి, తాను వ్రాసి, తానే అటకపై పెట్టినవి. తెలియక జరిగినదనుటకు ఇక నేమి చోటున్నది? 2018 డిసెంబరులో ఇది ప్రసారమైనది. ఒకప్పుడు ఆ శాఖలో పనిచేసినవారే తమ వైఫల్యమును రేడియోలో అంగీకరించిరి. 2019 జూన్‌లో ప్రతినిధిసభ ఉపసంఘము దీనిపై విచారణ జరిపెను.

చెవికి వచ్చిన సాక్ష్యము

ఈ పనియంతయు పత్రికయు చేయగలదు గదా, రేడియో విశేషమేమి యని యెవరైన నడుగవచ్చును. 1998లో పత్రికయే మొదట చేసినదని పైన చెప్పితిమి. కాని ఈ వ్యాధి విషయమున రేడియోకు గల శక్తి వేఱు.

నల్లఊపిరిని అచ్చులో వర్ణించినపుడు అది ఒక పదము. రేడియోలో అది ఒక శబ్దము. మాటకు మాటకు నడుమ గాలికై తడవుకొనుట, వాక్యము ముగియకముందే తెగిపోవుట, దగ్గు, వెనుక ఆమ్లజని యంత్రపు మ్రోత — వీనికి వ్యాఖ్యానము అక్కఱలేదు. ‘రోగలక్షణములు అతిశయోక్తులు’ అని కంపెనీ న్యాయవాది న్యాయస్థానమున వాదింపవచ్చును. చెవిలో పడిన ఊపిరితో వాదము సాగదు. కారు నడపుకొనుచున్నవాడును, వంటయింట పొయ్యి దగ్గఱ నిలిచిన గృహిణియు, కొండలెన్నడును చూడని నగరవాసియు ఒక క్షణము తమ ఊపిరిని తాము విందురు. ఆ యూళ్లలో చదువు తక్కువైనవాడుకూడ తన వ్యథను తన గొంతుతోనే చెప్పుకొనగలడు. మఱియొకని చేతివ్రాతకొఱకు వేచియుండనక్కఱలేదు.

కాని శబ్దమొక్కటియే చాలదు. ఒక పనివాని దగ్గు జాలిని పుట్టించును; జాలి రెండుదినములు నిలుచును. ఆ దగ్గు వెనుక 962 నిలిచినప్పుడు, 21,000 నిలిచినప్పుడు, జాలి ప్రశ్న యగును. గొంతు లేని లెక్క గుమాస్తా పుస్తకము. లెక్క లేని గొంతు అరణ్యరోదనము. ఈ రెంటిని జతపఱచుటయే శోధక రేడియోకు ప్రాణము.

ఫలితము, పరాభవము

2024 ఏప్రిల్‌లో అమెరికా గనుల శాఖ సిలికా హద్దును 50 మైక్రోగ్రాములకు తగ్గించుచు నిబంధన వెలువరించెను. 1974 నాటి సిఫారసునకు 50 సంవత్సరములు. ఇది రేడియో యొక్కటియే సాధించినదనుట అతిశయోక్తి. పనివారల సంఘములు, వైద్యులు, న్యాయవాదులు, చనిపోయినవారి భార్యలు ఏండ్లతరబడి పోరాడిరి. రేడియో వారి చేతికి లెక్క నిచ్చినది.

కథ ఇచ్చట ముగిసిన బాగుండెడిది. క్రొత్త హద్దు బొగ్గుగనులలో 2025 ఏప్రిల్ 14 నుండి అమలు కావలసియుండెను. పరిశ్రమవారు న్యాయస్థానమున కెక్కిరి. ప్రభుత్వము గడువును వెనుకకు నెట్టినది. న్యాయస్థానము అమలును నిలిపినది. ఆ తేది వచ్చినది, పోయినది; హద్దు రాలేదు. అదే ఏప్రిల్‌లో పనివారల ఎక్స్-రేలు చూచు కేంద్రసంస్థ ఉద్యోగులకు తొలగింపు తాఖీదులు పోయినవి. ఒక గనిపనివాడు దావా వేయగా మే నెలలో పశ్చిమ వర్జీనియాలోని ఫెడరల్ న్యాయాధిపతి వారిని తిరిగి పనిలో పెట్టుమని యుత్తరువిచ్చెను. మొదట తక్కువ లెక్కించిరి. ఇపుడు లెక్కించువారినే ఇంటికి పంపజూచిరి.

లెక్క అడిగిన రేడియోకును అదే గతి పట్టినది. 1967 నాటి చట్టము ననుసరించి ప్రజారేడియోలకు సాయమిచ్చు సంస్థకు కేటాయించిన 110 కోట్ల డాలర్లను 2025 జూలైలో అమెరికా శాసనసభ రద్దుచేసెను. నగరములలోని పెద్ద కేంద్రములు శ్రోతల చందాలతో నిలువగలవు. దెబ్బ తగిలినది కొండలలోని చిన్న కేంద్రములకు. అనగా గనిపనివాడు వినునట్టివానికి. ప్రభుత్వధనముతో నడచు రేడియో ప్రభుత్వమును విమర్శింపవచ్చునా యని యడుగువారు కలరు. ఆ ధనము ప్రభుత్వముది కాదు, ప్రజలది. ప్రజలు తమ సొమ్ముతో కావలివానిని పెట్టుకొనిన, వాడు దొరవారి యింటివైపు చూడరాదనుట యే ధర్మము?

మన గాలి

ఇంతవఱకు పరుల కథ. ఇక మన యింటి మాట.

రేడియో శక్తిని మనము ఎఱుగనివారము కాము. 1942 ఆగస్టున బొంబాయిలో ఉషామెహతా మొదలగు యువజనులు రహస్యముగ కాంగ్రెసు రేడియోను నెలకొల్పి, పత్రికలు ప్రచురింప వెఱచిన వార్తలను, పోలీసులు సాగించిన దౌర్జన్యములను దేశమునకు వినిపించిరి. స్థావరములను మార్చుచు నవంబరు 12న పట్టుబడువఱకు నడపిరి. ఆమెకు నాలుగేండ్ల శిక్ష పడెను. రేడియో అధికారపు తప్పును చాటవలెననుట మనకు పడమటినుండి వచ్చిన పాఠము కాదు.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట ఆ శక్తి యేమైనది? 1995 ఫిబ్రవరి 9న మన సుప్రీంకోర్టు ఆకాశతరంగములు ప్రజల ఆస్తియని తీర్పు చెప్పెను. ఆ తీర్పు చెప్పిన ముగ్గురు న్యాయమూర్తులలో మన తెలుగువారైన శ్రీ బి. పి. జీవన్‌రెడ్డిగారొకరు. తరువాత ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములు వచ్చినవి. వానికి పాటలు వేయు స్వేచ్ఛ గలదు. హాస్యమునకు, వ్యాపారప్రకటనలకు స్వేచ్ఛ గలదు. స్వంతముగ ఒక వార్తను సేకరించి చెప్పు స్వేచ్ఛ లేదు. 2011 నాటి విధానము ప్రకారము ఆకాశవాణి వార్తలనే మార్పులేక తిరిగి వినిపింపవలెను. జహీరాబాదు ప్రాంతమున మాచనూరులో దళిత స్త్రీలు 2008 అక్టోబరు నుండి సంఘం రేడియో నడపుచున్నారు. విత్తనములను గూర్చి, పంటలను గూర్చి, పాటలను గూర్చి వారు మాటలాడవచ్చును. తమ మండలపు వ్యవహారములపై వార్త చెప్పుటకు ఇట్టి సాముదాయిక రేడియోలకు కూడ అనుమతి లేదు. ప్రైవేటు కేంద్రములకు గంటకు పది నిమిషములు వార్తల కనుమతి యీయవచ్చునని టెలికాం నియంత్రణ సంస్థ 2023 సెప్టెంబరులో సిఫారసు చేసెను. పత్రికకును, టెలివిజనుకును లేని నిషేధము రేడియోకు మాత్రమేల? పత్రిక చదువనేర్చినవానికి, రేడియో చదువనేరనివానికి కూడ. బహుశః నిషేధమునకు కారణమును ఇచ్చటనే వెదకవలెను.

ఎదిరివాదమును మేము తేలికగా త్రోసివేయుట లేదు. 1994లో రువాండా దేశమున ఒక రేడియో మనుష్యులను బొద్దింకలని పిలిచి, వారిని చంపుడని జనమును ఉసికొల్పినది. గాలిలో విషము కూడ పాఱును. కాని ఆ రేడియో ఏలికలను ప్రశ్నించినది కాదు. వారి యండతో నడచినది. విషమును చల్లినవానిని శిక్షించుటకు చట్టములు కలవు. విషముండునేమో యని ఊపిరినే బిగబట్టుట చికిత్స కాదు.

దారి మూసిన నీరు వేఱు దారిని వెదకును. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో కొందఱు పత్రికారచయితలు ‘సీజీనెట్ స్వర’ అను ఏర్పాటు చేసిరి. ఆదివాసి ఫోను చేసి తన ఊరి సంగతిని తన గొంతుతో చెప్పును. ఇతరులు ఫోనులోనే విందురు. రాని కూలిని గూర్చి, మూతపడిన బడిని గూర్చి, నీరు రాని బోరింగును గూర్చి అధికారి పేరుతో, స్థలము పేరుతో చెప్పుకొనిరి. రేడియోలో చెప్పుటకు చట్టమొప్పని మాటలే యవి.

మనకు సింగరేణి గలదు. 1889 నుండి అచ్చట బొగ్గు త్రవ్వుచున్నారు. మార్కాపురమున పలకల రాయి కోయుచున్నారు. రాయి కోసినచోట పొడి లేచును. పొడి పీల్చినవాని ఊపిరితిత్తులు కెంటకీయైన నేమి, కొత్తగూడెమైన నేమి, ఒక్కతీరుననే గట్టిపడును. గనిలో వృత్తిరోగము కనబడినపుడు యజమానియు వైద్యుడును ప్రధాన తనిఖీ అధికారికి తెలుపవలెనని 1952 నాటి గనుల చట్టము విధించియుండెను. కనబడినవానిని తెలుపవలెను సరే, కనబడునట్లు చూచుచున్నారా? పని విడిచి ఇంట కూర్చున్న వృద్ధులను, గుత్తదారు క్రింద పనిచేసి ఏ పుస్తకమునందును పేరులేక పోయినవారిని ఎవరు పరీక్షించుచున్నారు? మేము నేరము మోపుట లేదు. ప్రశ్న అడుగుచున్నాము. పైక్ జిల్లా వైద్యునివలె తన బల్లమీది ఎక్స్-రేలను ఒకమాఱు కూడి చూచువైద్యుడు మన జిల్లాలలోను ఉండక పోడు. ఆయన చెప్పినదానిని చేపట్టి, ఊరూర అడిగి, లెక్కగట్టి, ఆ గొంతులతోనే వినిపించు రేడియో మాత్రము మనకు లేదు.

కావున కోరదగినది స్వల్పము. ప్రైవేటు రేడియోకును, సాముదాయిక రేడియోకును వార్తల ద్వారమును తెఱువవలెను. ఆకాశవాణి ప్రకటనలను చదువుటతో తృప్తిపడక, ప్రశ్నించు విలేఖరులను పెంచవలెను. గని వదలినవానికిని జీవితాంతము పరీక్ష జరిపి, ఆ లెక్కను ఏటేట ప్రజల ముందుంచవలెను. ఇందు విప్లవ మేమియు లేదు. ప్రజల ఆస్తిని ప్రజల కిచ్చుటయు, ప్రజల చావులను ప్రజలకు చెప్పుటయు మాత్రమే గలదు.

గాలి ప్రజలదని న్యాయస్థానము చెప్పినది. ఆ గాలిలో ఊపిరాడని మనిషి గొంతునకు చోటు లేకున్నచో, ఆ తీర్పు ఎవరికొఱకు?